బొట్టు పెట్టి పిలిచిన దీక్ష

ఆకుమడిలోంచి ఒక నారుమొక్క పీకి, గంగాభవాని దాని వేరుని బొటనవేలితో రుద్దింది. పైతొక్క జారిపోయి లోపల నల్లటి పోగు మిగిలింది. ఆ మొక్కని మళ్ళీ నీళ్ళలో పడెయ్యడానికి చెయ్యి రాక గట్టు మీద పెట్టి, ఇంకో మూల నుంచి ఇంకోటి పీకింది. దాని సంగతీ అంతే.

"ఎలాగుందే?" అని అరిచాడు ఆమె మొగుడు దొరబాబు, ఇంజను చప్పుడుకి పైన వినపడేలా.

"బానే ఉంది," అని తనూ అరిచింది.

అది అబద్ధమని అతనికి తెలుసు. వంగి గొట్టం సర్దుకున్నాడు.

తెల్లారగట్ల మొదలుపెట్టిన ఇంజను మడిలో నీళ్ళు తోడి బోదెలో పోస్తోంది. బోదెలో నీళ్ళు వెళ్ళి మురుగు కాలవలో పడుతున్నాయి. మురుగు కాలవ మాత్రం ఎక్కడికీ వెళ్ళడం లేదు. సముద్రంలో కలిసేచోట, మొగ దగ్గర, ఇసుక మేటవేసి దారి మూసుకుపోయింది. ఈ ఒడ్డు నుంచి ఆ ఒడ్డు దాకా గుర్రపుడెక్క పరుచుకుని, ఊదారంగు పూలు పూసి, దారినపోయేవాళ్ళకి కాలవ పూలతోటలా కనపడుతోంది. తోడిన నీళ్ళు తోడినట్టే గట్టు కింద నుంచి ఊరి మళ్ళీ మడిలోకే వస్తున్నాయి. దొరబాబుకి అదీ తెలుసు. అయినా ఇంజను ఆపడం లేదు. ఆపితే ఇంటికెళ్ళి ఊరికే కూర్చోవాలి.

నడిమితిప్పలో ఎవరి ఆకుమడి చూసినా ఇదే వరస. ఇది రెండోసారి పోసిన నారు. మొదటిది తొలి వానలకే కుళ్ళిపోయింది. ఈ ఏడు సార్వా పంట వదిలేద్దామని ఊరంతా అనుకుంటున్నప్పుడు ఎమ్మెల్యేగారు వచ్చి, వంతెన మీద నిలబడి, వర్షాకాలం సమావేశాల్లో మొగ సంగతి తనే అడుగుతానన్నారు. ప్రశ్న పడితే మంత్రి జవాబు చెప్పాలి, జవాబు చెబితే పొక్లెయిను రావాలి, అన్నారు. ఆ మాటని ఇంటింటికీ మోసింది గంగాభవానే. ఊళ్ళో పార్టీ మహిళా విభాగానికి ఆమే పెద్ద. మీరు పోసుకోండి, మొగ తెగుద్ది, నాదీ పూచీ, అంది. పోసుకున్నారు.

పాపాయమ్మ చెప్పులు చేత్తో పట్టుకుని గట్టు మీద నుంచి వచ్చింది. దొరబాబుకి దూరపు వరసలో పిన్ని అవుతుంది. మొగుడు పోయాక తన ముప్పాతిక ఎకరం తనే చేసుకుంటోంది.

"రేపేనా భవానీ?"

"రేపే పిన్నీ. పొద్దున్నే టీవీలో వస్తాదంట. హర్షగారు ఫోన్ చేసి మరీ చెప్పేరు."

"ఆ హర్షెవరే?"

"ఎమ్మెల్యేగారి పీఏ."

"అయితే నిజమే అయ్యుంటాది," అని పాపాయమ్మ మడి వైపు చూసి, చూపు తిప్పేసుకుంది. "నా విత్తనాల మూట అయిపోయింది. ఇంకోసారి పొయ్యాలంటే ఆ మళ్ళో నన్నే పొయ్యాలి."

"అంత మాటెందుకు పిన్నీ. రేపు అడుగుతారు కదా."

"ఆయ్," అంది పాపాయమ్మ, నమ్మకంగానే.

మర్నాడు పొద్దున్న ఆడవాళ్ళంతా సత్యదుర్గ వాళ్ళింట్లో చేరారు. ఆమె మొగుడు కువైట్‌లో డ్రైవరు. ఊళ్ళో పెద్ద టీవీ వాళ్ళింట్లోనే ఉంది. చేతులు ఖాళీగా పెట్టుకుని కూర్చోవడం ఎవరికీ అలవాటు లేదు కనక, కొబ్బరాకులు ఈడ్చుకొచ్చి వరండాలో పోసుకున్నారు. ఆకుని ఎడంచేత్తో బిగించి పట్టుకుని, కత్తితో అటూ ఇటూ చీరి, ఈనె తీసి పక్కన పెట్టడం, మళ్ళీ ఇంకో ఆకు. కిటికీలోంచి టీవీ కనపడుతోంది. పాపాయమ్మ గుమ్మం దగ్గర కూర్చుంది, మాట బాగా వినపడుతుందని.

"ఎమ్మెల్యేగారు ఏ పక్కనుంటారొదినా?" అంది సత్యదుర్గ.

"ఎడంపక్క, వెనకాల. పక్షనాయకుడుగారి వెనక మూడో వరస."

ఎడంపక్క బల్లలన్నీ ఖాళీగా ఉన్నాయి.

"ఇంకా రాలేదేమో," అంది గంగాభవాని. "టీ తాగుతుంటారు."

స్పీకరుగారు ప్రశ్నల నంబర్లు చదువుతున్నారు. ఒకరు లేచి అడుగుతున్నారు, మంత్రి లేచి చెబుతున్నారు. ఎవరిదో ఊళ్ళో ఆసుపత్రి, ఎవరిదో ఊళ్ళో రోడ్డు. రోడ్డు సంగతి అడిగినాయన గట్టిగానే పోట్లాడాడు. "మనోడు కాదుగానీ బాగా అడిగేడే," అంది పాపాయమ్మ. అప్పుడు స్పీకరుగారు ఇంకో నంబరు చదివి, మురుగు కాలవ పేరు చదివి, ఎమ్మెల్యేగారి పేరు చదివారు. ఈనెలు తీసే కత్తులన్నీ ఆగిపోయాయి. కుడిపక్క ముందు బల్ల దగ్గర మంత్రిగారు చేతిలో కాగితంతో సగం లేచారు.

"సభ్యులు సభలో లేరు. తర్వాతి ప్రశ్న."

మంత్రిగారు కూర్చున్నారు. కాగితం బల్ల మీద పెట్టి, కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. ఒక ఈనె తీసేంత సేపు కూడా పట్టలేదు.

కాసేపు ఎవరికీ అర్థం కాలేదు. "మనదేనా?" అంది ఒకామె. "కాలవ పేరు చదివేరుగా," అంది ఇంకొకామె. సత్యదుర్గ లోపలికెళ్ళి వార్తల చానల్ పెట్టింది. ఎమ్మెల్యేగారు అందులో ఉన్నారు. అసెంబ్లీ బయట, ఇస్త్రీ చొక్కాలో, నినాదం రాసిన అట్టముక్క పట్టుకుని, పక్షనాయకుడి వెనకాల నడుస్తున్నారు. ముందు వరసలో తమ నాయకుడి సీటు మార్చి అవమానించారని, ఆ సీటు తిరిగి ఇచ్చేదాకా సభలో అడుగుపెట్టకూడదని రాత్రి శాసనసభా పక్షం నిర్ణయించిందని వార్తల్లో చదువుతున్నారు. ఎండగా ఉన్నట్టుంది, ఎమ్మెల్యేగారు అట్టముక్కని మొహానికి అడ్డం పెట్టుకున్నారు.

"పోన్లే, మనిషైతే బానే ఉన్నారు," అంది పాపాయమ్మ. "ఏ జ్వరమో వచ్చిందేమో అనుకున్నాను."

ఎవరూ నవ్వలేదు. గంగాభవాని వైపూ ఎవరూ చూడలేదు. అదే ఆమెకి కష్టంగా అనిపించింది. ఒక్కరు తిట్టినా బాగుండేది. ఒళ్ళో ఉన్న ఈనెలు కట్టగట్టి లేచి, పెరట్లోకి వెళ్ళి హర్షకి ఫోన్ చేసింది. మూడోసారికి ఎత్తాడు.

"అమ్మా చూశానమ్మా, నేనూ చూశాను. ఏం చెయ్యమంటారు, పక్షం నిర్ణయం. రాత్రి మెసేజ్ వచ్చింది. పై నుంచి మాటొచ్చాక సార్ మాత్రం ఏం చేస్తారు?"

"ఒక్క పది నిమిషాలు కూర్చుని, అడిగేసి బయటికొచ్చేస్తే సరిపోయేది కదండీ?"

"అలా కుదరదమ్మా. అందరూ ఒకేసారి వెళ్ళాలి, ఒకేసారి రావాలి. అన్నట్టు నేనే మీకు చేద్దామనుకుంటున్నాను. ఎల్లుండి మన మండలాఫీసు సెంటర్లో సంఘీభావ దీక్ష. పొద్దుట నుంచి సాయంత్రం దాకా. సారే వస్తున్నారు. మీ ఊరి నుంచి ఆడవాళ్ళు నిండుగా ఉండాలి. మీరు పిలిస్తే వస్తారని సార్ ప్రత్యేకంగా చెప్పేరు. ఆటోలు పంపిస్తాను. సరేనా అమ్మా?"

"ఆయ్," అంది గంగాభవాని.

ఫోన్ పెట్టేశాక ఆ మాట తనే అన్నానా అనుకుంది. ఇన్నేళ్ళుగా ఆ నంబరు నుంచి ఏ మాటొచ్చినా నోరు దానంతటదే ఆయ్ అంటోంది.

ఆ సాయంత్రం దొరబాబు ఇంజను భుజానేసుకుని వచ్చి, అరుగు మీద దించి, కాళ్ళు కడుక్కున్నాడు. ఆమె చెప్పింది విని, తువ్వాలుతో మొహం తుడుచుకుంటూ చాలాసేపు తువ్వాలు వెనకే ఉండిపోయాడు.

"మానెయ్యరాదే?"

"ఒప్పేసుకున్నానయ్యా."

"మరి నారుకీ అలాగే ఒప్పేసుకున్నావు," అన్నాడు. అనకుండా ఉండాల్సింది అనుకున్నాడో ఏమో, వెంటనే లేచి గేదెకి గడ్డి వెయ్యడానికి వెళ్ళిపోయాడు.

మర్నాడు ఎండ కాస్త తగ్గాక గంగాభవాని తలదువ్వుకుని, ఉతికిన చీర కట్టుకుని, కుంకుమ భరిణె తీసుకుని బయల్దేరింది. పార్టీలో ఆమెకి పేరు తెచ్చింది ఆ భరిణే. మొట్టమొదట మీటింగుకి ఆటోలో మైకు కట్టి ఊరంతా తిప్పితే ఒక్క ఆడమనిషి కదల్లేదు. ఉత్తినే రమ్మంటే ఎవరొస్తారు? ఆమె భరిణె పట్టుకుని, పేరంటానికి పిలిచినట్టు గడపగడపకీ వెళ్ళి, బొట్టు పెట్టి పిలిచింది. టెంటు నిండిపోయింది. బొట్టు పెట్టి పిలిచాక వెళ్ళకపోతే పిలిచినామెని పదిమందిలో చిన్నబుచ్చినట్టు. ఒంట్లో బాగోకపోతే కోడలినో కూతురినో పంపిస్తారుగానీ ఆ ఇంటి నుంచి ఎవరూ రాకుండా ఉండరు.

సత్యదుర్గ చీపుళ్ళు కడుతోంది. గంగాభవానిని చూసి, చేతులు ఖాళీ లేక, మొహం ముందుకి చాపింది. గంగాభవాని బొట్టు పెట్టింది. పెట్టించుకున్నాక అడిగింది సత్యదుర్గ. ముందు బొట్టు, తర్వాతే దేనికన్నది. ఇక్కడ వరస అదే.

"దేనికొదినా?"

"రేపు దీక్షకి. సెంటర్లో."

"మొగ కోసమా?" సత్యదుర్గ మొహం విప్పారింది.

గంగాభవాని వేలికంటిన కుంకుమని రెండో వేలితో రుద్దుకుంది.

"కాదే. పక్షనాయకుడుగారి సీటు కోసం."

"సీటేంటి?"

"ముందు వరసలో ఆయన కూర్చునే సీటుని పక్కకి జరిపేరంట."

"ఎంత జరిపేరు?"

"ఒక సీటు."

సత్యదుర్గ చీపురు కట్ట మోకాళ్ళ మధ్య బిగించి, తాడు పళ్ళతో లాగి ముడేసింది. నవ్వాలో వద్దో తెలియనట్టు ఉంది మొహం. "బొట్టు పెట్టేశావుగా వదినా," అంది చివరికి. "వస్తాన్లే. పిల్లని మా అత్తకి అప్పచెప్పి వస్తాను."

అలా ఇంటింటికీ తిరిగింది. ఒకరింట్లో చాప మీద ఉప్పు చేపలు ఎండబెడుతున్నారు, ఒకరింట్లో పిల్లకి పేలు చూస్తున్నారు. ఎవరూ కాదనలేదు. నుదురు చాపేవారు, పెట్టించుకునేవారు, దేనికని అడిగేవారు, విని ఊరుకునేవారు. ఆ ఊరుకోవడం ప్రతి గడపలోనూ కొంచెం కొంచెంగా పెరుగుతున్నట్టు అనిపించింది ఆమెకి. ముందు రోజుల్లో అయితే పులిహోర ఉంటాదా, బిర్యానీనా అని వేళాకోళమాడేవాళ్ళు. ఇవాళ అదీ లేదు. ఒకామె మాత్రం, "మంచినీళ్ళు తాగి వెళ్ళు భవానీ, మొహం పీక్కుపోయింది," అంది.

పాపాయమ్మ ఇల్లు చివర. ఆవిడ గడప మీద కూర్చుని చేటతో చెరుగుతోంది. చేటలో నూకలున్నాయి. ఆవిడకి బొట్టు పెట్టరు. మాట చెప్పి వస్తారంతే. గంగాభవాని భరిణెని కొంగుచాటుకి జరిపి, ఎదురుగా పీట మీద కూర్చుంది.

"రేపు దీక్షంట పిన్నీ. నువ్వు కూడా వస్తే..."

"తెలుసులే. వీధి చివర నుంచే వినపడతా ఉంది." పాపాయమ్మ చేట ఆపలేదు. "నేను రానే."

గంగాభవాని కింద పడ్డ నూకలు ఏరి చేటలో వేసింది.

"వాళ్ళందరికీ బొట్టు పెట్టేవు కనక రాననలేరు. నాకు పెట్టవు కదా. అందుకని ఊరందరి తరఫునా నేనే చెబుతున్నాను, విను. మనం ఓటేసి పంపింది ఎందుకే? వెళ్ళి ఆ గదిలో కూర్చోమని. అంతేగా? మనకేమీ కట్టిపెట్టక్కర్లేదు, మొయ్యక్కర్లేదు. కూర్చుని, పేరు పిలిచినప్పుడు లేవాలి. అది చెయ్యలేదు. ఇప్పుడాయన కుర్చీ కోసం మనమెళ్ళి నేల మీద కూర్చోవాలంట. నువ్వెళ్ళి కూర్చో. నాకు మోకాళ్ళ నొప్పులు."

"నన్నేం చెయ్యమంటావు పిన్నీ?"

"నన్నడుగుతావేంటే? పిలిచేదానివి నువ్వు." చేటలో రాయి ఒకటి ఏరి బయటికి విసిరింది. "ఉండు, మజ్జిగ తాగి వెళ్ళు."

మజ్జిగ పల్చగా ఉంది. తాగి వచ్చేసింది.

పొద్దున్నే గంగాభవాని పెరట్లో కొబ్బరిచెట్టుకి పాకిన తమలపాకు తీగ నుంచి ఆకులు కోసింది. చక్కెరకేళి గెల ఒకటి ముగ్గబెట్టి ఉంది, దాన్ని అత్తాలుగా కోసి సంచిలో సర్దింది. వక్కల పొట్లం పైన పెట్టింది. పార్టీవాళ్ళు తిండి పెట్టినా పెట్టకపోయినా, తను పిలిచిన ఆడవాళ్ళకి తాంబూలం తనే ఇస్తుంది, ఎప్పుడూ. తాంబూలం చేతిలో పడితేనే పేరంటం అయినట్టు. అది పుచ్చుకుని ఎవరిళ్ళకి వాళ్ళు వెళతారు. అది ఇచ్చేదాకా పిలిచినామె మాట వాళ్ళ మీద ఉంటుంది, ఇచ్చాక ఉండదు.

"దీక్షకి అరటిపళ్ళేంటే?" అన్నాడు దొరబాబు.

"సాయంత్రం ఇస్తాను, అయ్యాక."

ఆటోలు వచ్చాయి. వంతెన దాటుతుంటే ఎవరూ కాలవ వైపు చూడలేదు.

సెంటర్లో టెంటు వేశారు. వెనక గుడ్డ మీద పక్షనాయకుడి బొమ్మ, ఆ బొమ్మలో ఆయన కుర్చీలో కూర్చుని ఉన్నారు. ఆడవాళ్ళు పట్టా మీద వరసగా కూర్చున్నారు. ముందురోజు వానకి పట్టా కింద తడిగా ఉంది, చీరలు అంటుకుంటున్నాయి. హర్ష ఫోన్‌తో ఫోటోలు తీస్తూ, "కొంచెం దగ్గరగా జరగండమ్మా, ఖాళీలు కనపడుతున్నాయి," అంటున్నాడు. కుర్రాడు మంచివాడే. చెమట పట్టి చొక్కా వీపుకి అంటుకుపోయింది.

ఎమ్మెల్యేగారు వచ్చారు. అందరికీ దండం పెట్టారు. గంగాభవానిని చూసి, "బావున్నావామ్మా," అన్నారు. ఆమె దగ్గరకెళ్ళి, గొంతు తగ్గించి అడిగింది.

"మా ప్రశ్నండి... మొన్న వచ్చిందండి, టీవీలో."

"ఏ ప్రశ్నమ్మా?"

హర్ష వంగి చెవిలో చెప్పాడు.

"ఆ, మొగ. అవునమ్మా." ఆయన మొహం నిజంగానే చిన్నబోయింది. "వచ్చే సమావేశాల్లో మళ్ళీ వేద్దాం."

"అవి ఎప్పుడండీ?"

"శీతాకాలం."

"అప్పటికి మాకు కోతలండి. ఉంటే."

ఆయన చుట్టూ చూసి, ఇంకాస్త దగ్గరకి వచ్చారు. దగ్గరగా చూస్తే కళ్ళ కింద ఉబ్బి ఉంది. "నాకు మాత్రం లోపల కూర్చోవాలని ఉండదామ్మా? ఆ ప్రశ్న కోసం రెండు రోజులు కూర్చుని చదువుకున్నాను. అంకెలన్నీ నోటికొచ్చు. రాత్రి మెసేజ్ వచ్చింది, అందరూ బయటికి అని. నేనేమనగలను?"

"ఆయ్ అన్నారాండి?"

ఆయన ఆమె మొహంలోకి చూశారు. వెక్కిరిస్తోందేమోనని. ఆమె వెక్కిరించడం లేదు. నిజంగానే అడిగింది.

"అంతేనమ్మా," అన్నారు. హర్ష మైకు తెచ్చి చేతిలో పెట్టాడు.

గంగాభవాని వెనక్కొచ్చి ఆడవాళ్ళ మధ్య కూర్చుంది. ఎమ్మెల్యేగారు మైకులో మాట్లాడడం మొదలుపెట్టారు. ఆ గొంతు వేరు. ఇందాకటి మనిషి అందులో లేడు. మన నాయకుడి సీటు ఒక కుర్చీ కాదు, మనందరి ఆత్మగౌరవం, అంటున్నారు. ఆ సీటు తిరిగి దక్కేదాకా ఈ ఆడపడుచులు ఇంటిముఖం చూడరు, అంటున్నారు. సత్యదుర్గ కూర్చున్నచోటే ఫోన్ తీసి పిల్ల పాలు తాగిందో లేదో అత్తకి మెసేజ్ పెడుతోంది. వెనక వరసలో ఒకామె నడుం పట్టేసి అటూ ఇటూ కదులుతోంది. మరొకామె నుదుటి మీద, నిన్న తను బొట్టు పెట్టిన చోటే, పొద్దున్న పెట్టుకున్న కుంకుమ చెమటకి కారి ముక్కు మీదకి వచ్చింది. తుడుచుకోవడం లేదు.

ఇంటిముఖం చూడరు. గంగాభవాని ఆ మాట దగ్గరే ఆగిపోయింది. వీళ్ళు ఇళ్ళకి వెళ్ళాలో వద్దో చెప్పడానికి ఆయనెవరు? పిలిచింది తను.

సంచి దగ్గరకి లాక్కుని లేచింది. ముందు వరసలో మొదటామె దగ్గర వంగి, రెండు తమలపాకులు, వక్క, అరటిపండు చేతిలో పెట్టింది. ఆమె అర్థంకానట్టు చూసింది. అలవాటు కొద్దీ కొంగు పట్టి పుచ్చుకుంది. పుచ్చుకుని, పక్కామె వైపు చూసింది. గంగాభవాని పక్కామెకీ ఇచ్చింది. తర్వాతామెకీ. తొందరపడలేదు. పేరంటంలో ఇచ్చినట్టే, ఒక్కొక్కరి మొహం చూసి, "వెళ్ళి రండి," అంటూ ఇచ్చింది.

మొదటామె లేచింది. చీర వెనక తడిని చేత్తో దులుపుకుని, చెప్పులు వెతుక్కుంది.

హర్ష పరుగెత్తుకొచ్చాడు. "అమ్మా! ఏంటమ్మా ఇది, దీక్షలో అరటిపళ్ళేంటి? ఫోటోలు తీస్తున్నారు!" సత్యదుర్గ అప్పటికే తొక్క ఒలిచి సగం తినేసింది. అతన్ని చూసి మిగతా సగం నోట్లో పెట్టేసుకుంది.

"తాంబూలాలండి," అంది గంగాభవాని.

"సాయంత్రం కదమ్మా! సార్ ఇంకా మాట్లాడుతున్నారు!"

"ఆయ్. మాట్లాడనివ్వండి. నేను పిలిచిన పని అయిపోయిందండి."

ఎవరూ అరవలేదు. ఎవరూ జెండా కింద పడెయ్యలేదు. ఒకరి తర్వాత ఒకరు లేచి, ఎమ్మెల్యేగారికి దండం పెట్టి, ఆటోల వైపు నడిచారు. పెళ్ళి నుంచి వెళ్ళేటప్పుడు పెళ్ళివారికి చెప్పి వెళతారే, అలాగ. ఎమ్మెల్యేగారు మాట్లాడుతూనే ఉన్నారు. మాటకీ మాటకీ మధ్య ఎడం పెరిగింది. పట్టా మీద తడి మరకలు కనపడుతున్నాయి. చివరికి గంగాభవాని సంచిలో మిగిలినవి పట్టుకుని ఆయన ముందుకొచ్చి నిలబడింది. ఆయన మైకు చంకలో పెట్టుకుని, రెండు చేతులూ చాచి తాంబూలం పుచ్చుకున్నారు. పుచ్చుకున్నాక, దాన్నేం చెయ్యాలో తెలియక, అలాగే పట్టుకుని నిలబడ్డారు.

ఆటోలో ఎవరూ గొప్పలు పోలేదు. అలిసిపోయి ఉన్నారు. "ఇంక నిన్ను ఉంచరు వదినా, పార్టీలో," అంది సత్యదుర్గ. "ఉంచరు," అంది గంగాభవాని. దొరబాబుకి ఎలా చెప్పాలా అని ఆలోచించి, చెప్పడానికి పెద్దగా ఏమీ లేదనుకుంది. రేపు ఏదైనా పనిబడి మండలాఫీసుకి వెళితే కుర్చీ చూపించేవాళ్ళు ఉండరు. వరసలో నిలబడాలి. ఫోన్ రెండుసార్లు మోగి ఆగిపోయింది.

వంతెన మీద పాపాయమ్మ కూర్చుని ఉంది, పిట్టగోడకి ఆనుకుని, ఎవరో కోసిచ్చిన తోటకూర ఒళ్ళో పెట్టుకుని. ఆటోలు చూసి చెయ్యెత్తి ఆపింది.

"ఇదేంటే, సాయంత్రం దాకా అన్నారు?"

"మా వదిన తాంబూలాలు ఇచ్చేసింది," అంది సత్యదుర్గ. "మధ్యలోనే. ఎమ్మెల్యేగారిక్కూడా."

పాపాయమ్మకి ఒక క్షణం పట్టింది. తర్వాత నవ్వింది. నవ్వి నవ్వి దగ్గొచ్చి, తోటకూర కింద పడిపోయి, ఎవరో దిగి వీపు నిమరాల్సొచ్చింది. ఆ నవ్వు చూసి ఆడవాళ్ళంతా ఆటోలు దిగారు. ఆటోవాళ్ళు కిరాయి ఎవరిస్తారని అడగకుండానే తిప్పుకుని వెళ్ళిపోయారు.

నవ్వు ఆగాక పాపాయమ్మ కళ్ళు తుడుచుకుంది.

"అది సరేగానీ, మొగ ఎప్పుడు తెగుద్దంటా?"

అందరూ గంగాభవాని వైపు తిరిగారు. మొన్న టీవీ ముందు ఆమె వైపు చూడనివాళ్ళంతా ఇప్పుడు చూశారు. ఇన్నేళ్ళుగా ఆమె దగ్గర ఎప్పుడూ ఏదో ఒక జవాబు ఉండేది. హర్షగారు చెప్పేరు, సార్ కనుక్కుంటున్నారు, వచ్చే వారం. నోట్లోకి అలాంటిదే ఒకటి రాబోయింది కూడా.

"తెలీదు పిన్నీ," అంది.

ఆ మాట అన్నాక ఏదో అవుతుందనుకుంది. ఏమీ కాలేదు. కాలవ మీద గుర్రపుడెక్క ఎండకి మెరుస్తోంది. దూరంగా దొరబాబు ఇంజను చప్పుడు ఆగి ఆగి వస్తోంది.

"ఆ ముక్క అప్పుడే చెప్పుంటే," అంది పాపాయమ్మ, కోపం లేకుండా, "ఆ విత్తనాలు దంపుకుని రెండు నెలలు తినేదాన్నిగదే."

"అవును," అంది గంగాభవాని. "నా మాట మీద పోశారు. నాదే తప్పు. మూడోసారి పొయ్యమని నేను చెప్పను. పొయ్యొద్దనీ చెప్పను. నాకు తెలీదు."

ఆడవాళ్ళు పిట్టగోడ వెంబడి నిలబడ్డారు. ఒకామె చేతిలోని తమలపాకులు మడిచి నోట్లో పెట్టుకుంది. ఇంటికెళ్ళి పొయ్యి వెలిగించాలని అందరికీ ఉంది, ఎవరూ కదల్లేదు. సత్యదుర్గ కింద పడిన తోటకూర ఏరి, మట్టి దులిపి పాపాయమ్మ ఒళ్ళో పెట్టింది.

"అమలాపురంలో డ్రెయిన్లవాళ్ళ ఆఫీసు ఎక్కడే?" అంది పాపాయమ్మ. గంగాభవానిని కాదు, ఊరికే, అందరినీ.

"కోర్టు దాటాక అనుకుంటా," అంది వెనక నుంచి ఒకామె. "మా మరిది ఒకసారి వెళ్ళేడు. బయటే నిలబెట్టేశారంట."

"నిలబెడితే నిలబడదాం. రోజూ మళ్ళో చేసేదదేగా. బస్సెన్నింటికి?"

"పొద్దున్నే ఒకటుంది."

"మోకాళ్ళ నొప్పులన్నావుగా పిన్నీ?" అంది గంగాభవాని.

"నేల మీద కూర్చుంటే నొప్పి," అంది పాపాయమ్మ, పిట్టగోడ పట్టుకుని లేస్తూ. "బస్సులో సీటు ఉంటాదిగా."